మేకమ్మ, రెండు అస్థిపంజరాలు, నా కామిక్ సాన్స్

మా షాపులో ఎవరూ రాసిపెట్టని రూలు ఒకటుంది. ప్లేస్కూలు ఫ్లెక్సీ అయితే ఇంగ్లీషు లైను కామిక్ సాన్స్ అనే ఫాంటులో పడాలి. యోగా క్లాసు, ఆయుర్వేద మందులు, చీరల బొటిక్ అయితే పాపిరస్‌లో పడాలి. వేరే ఫాంటు పెట్టి చూపిస్తే పార్టీ మొహం మాడిపోతుంది. "ఆ పక్క షాపు వాళ్ల బోర్డు మీద ఉంది చూడండీ, అలా చుట్టూ చిరిగినట్టు ఉంటుందే, అది కావాలి" అంటారు. అదే పాపిరస్. ఇరవై ఏళ్లుగా విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని, చేస్తున్నాను. ఈ రెండు ఫాంట్లను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

2016 వేసవిలో శుక్ర మూఢం వచ్చింది. మూఢమంటే జనానికి ముహూర్తాల్లేని రోజులు, మాకు అద్దె ఎలా కట్టాలా అనే రోజులు. శుభలేఖలు లేవు. ఆగస్టులో కృష్ణా పుష్కరాలు మొదలైతే ఫ్లెక్సీల పని ఊపిరాడనివ్వదని తెలుసు కానీ మే, జూన్ నెలల్లో బిల్లు పుస్తకాలూ విజిటింగ్ కార్డులే దిక్కు. మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద కుక్క కూడా కనబడేది కాదు. అప్పుడు బెంగళూరులో ఉన్న స్నేహితుడొకడు, నాతోపాటు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాడు, గేములమ్మే స్టీమ్ సైట్‌లో నాకొక కంప్యూటర్ గేమ్ కొనిపెట్టాడు. దాంతోపాటు ఒకటే వాక్యం: "నీ ఫాంట్లు ఇందులో ఉన్నాయిరా, ఆడు." ఇంకేమన్నా చెప్పమంటే చెప్పలేదు. ఆ నోరు కట్టేసుకోవడం ఎంత గొప్ప ఉపకారమో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ గేమ్ పేరు అండర్‌టేల్. ఇకపై రాసేదాంట్లో కథంతా బయటపడిపోతుంది. ఇంకా ఆడనివాళ్లు, ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడే ఆపేయండి. నేనేమీ అనుకోను.

తెరిచి చూస్తే మొదట నిరాశే. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన 9999 ఇన్ 1 క్యాసెట్ గేముల్లాగా గళ్లు గళ్లు బొమ్మలు. నల్లటి తెర, తెల్లటి గీతలు. కొన్నిచోట్ల మా ఆఫీసు బాయ్ పెయింట్‌లో గీసినట్టుంది. మనుషులు కొండ కింద బంధించిన రాక్షసుల లోకంలోకి ఒక చిన్న పిల్లో పిల్లాడో పడిపోతుంది. బయటపడాలి. కథ అంతే. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే నాకు కాలేజీ రోజుల్లో ఎమ్యులేటర్‌లో (పాత గేములను కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) ఆడిన పోకెమాన్ ఒక్కటే తెలుసు. శత్రువు ఎదురుపడతాడు, నువ్వో దెబ్బ, వాడో దెబ్బ, గెలిస్తే పాయింట్లు, పాయింట్లు పెరిగితే లెవెల్. ఇదీ అదే బాపతు అనుకున్నాను.

కింద నాలుగు బటన్లు ఉంటాయి. ఫైట్ (కొట్టడం), యాక్ట్ (మాట కలపడం లాంటివి), ఐటమ్ (సంచీలోవి వాడటం), మెర్సీ (దయ చూపి వదిలేయడం). మొదట్లోనే ఒక కప్ప ఎదురొచ్చింది. యాక్ట్ నొక్కి దాన్ని పొగిడాను. నువ్వన్నది దానికి అర్థం కాలేదు కానీ మురిసిపోయింది అని వచ్చింది. మా కస్టమర్లు గుర్తొచ్చి షాపులో ఒక్కడినే నవ్వుకున్నాను. తర్వాత మెర్సీ నొక్కితే కప్ప తన దారిన వెళ్లిపోయింది. శత్రువు వంతు వచ్చినప్పుడు మాత్రం తెల్లగీతల డబ్బాలో ఒక చిన్న ఎర్రటి గుండె ఉంటుంది, అది మనం. పైనుంచి ఈగలో, కన్నీళ్లో, క్యారెట్లో పడుతుంటే ఆ గుండెను తప్పించుకుంటూ తిప్పాలి. నా వేళ్లు కీబోర్డు మీద తెలుగు కొట్టడానికి చురుకే కానీ దీనికి కాదు. చాలాసార్లు చచ్చాను.

దీన్ని దాదాపు ఒక్కడే చేశాడు. టోబీ ఫాక్స్ అనే అమెరికా కుర్రాడు. కథ, మాటలు, సంగీతం, ప్రోగ్రామింగ్ అన్నీ అతనివే. గేమ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాడు. బొమ్మల్లో చాలావరకు టెమ్మీ చాంగ్ అనే ఆర్టిస్టు సాయం చేసింది. 2013లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో 5,000 డాలర్లు అడిగితే 2,398 మంది కలిసి 51,124 డాలర్లు ఇచ్చారు. ఎవరినీ చంపక్కర్లేని రోల్ ప్లేయింగ్ గేమ్ అని అప్పుడే చెప్పుకున్నాడు. 2015 సెప్టెంబర్ 15న విడుదలైంది. దీనికి తాత లాంటి గేమ్ ఒకటుంది, ఎర్త్‌బౌండ్. జపాన్‌లో 1994లో మదర్ 2 పేరుతో వచ్చింది, మరుసటేడు అమెరికాకు వెళ్లి అమ్ముడుపోక చతికిలపడింది. "ఈ గేమ్ కంపు కొడుతుంది" అని గోకితే వాసనొచ్చే కార్డులతో ప్రచారం చేశారట, ఇంక ఎవడు కొంటాడు. కానీ కొన్న కొద్దిమంది దాన్ని గుండెకు హత్తుకున్నారు. టోబీ ఫాక్స్ ఆ బాపతే. అండర్‌టేల్‌కు ముందు, ఎర్త్‌బౌండ్‌నే మార్చి సొంత వెర్షన్ చేసి పెట్టిన కుర్రాడతను.

సరే, మేకమ్మ దగ్గరికి వస్తాను.

కింద పడగానే మనల్ని చేరదీసే ఆవిడ పేరు టోరియల్. తెల్లటి బొచ్చు, చిన్న కొమ్ములు, వేలాడే చెవులు, పొడవాటి గౌను. మా అమ్మ నా వెనక నుంచి పప్పులో పోపు పెడుతూ తొంగి చూసి "ఆ మేక ఎవర్రా?" అంది. (ఇంటికి లాప్‌టాప్ తెచ్చి ఆడే స్థితికి అప్పటికే వచ్చేశాను.) నాకు ఆ పేరే ఖాయమైపోయింది. మేకమ్మ మన చెయ్యి పట్టుకుని ముళ్ల దారి దాటిస్తుంది. చేతికి ఒక సెల్‌ఫోన్ ఇచ్చి ఎక్కడికీ కదలొద్దంటుంది. కదిలిన ప్రతిసారీ ఫోన్. ఒకసారి ఫోన్ చేసి బటర్‌స్కాచ్ ఇష్టమా, దాల్చిన చెక్క ఇష్టమా అని అడిగింది. దాల్చిన చెక్క అన్నాను. పెట్టేసింది. రెండడుగులు వేశానో లేదో మళ్లీ ఫోన్: బటర్‌స్కాచ్ అంటే పడకపోవడం ఏమీ లేదుగా, కంచంలో కనబడితే మొహం తిప్పుకోవుగా?

ఈ ఫోన్ నాకు తెలుసు. నేను హైదరాబాద్‌లో పనిచేసిన రెండేళ్లూ, శనివారం బస్సెక్కే ముందు ఇదే ఫోన్ వచ్చేది. దోసకాయ పప్పు చెయ్యనా, మామిడికాయ పప్పు చెయ్యనా? మామిడికాయ. ఐదు నిమిషాలకు మళ్లీ: దోసకాయ తెచ్చేశాను, రెండూ కలిపి వేసినా తింటావు కదా? మేకమ్మ కూడా అదే పని చేసింది. ఇంటికెళ్లేసరికి బటర్‌స్కాచ్, దాల్చిన చెక్క రెండూ కలిపిన "పై", అంటే ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం. పడుకుని లేస్తే గదిలో నేల మీద ఒక ముక్క పెట్టి ఉంది. దాన్ని తినలేదు. సంచీలో దాచుకున్నాను.

తర్వాత ఆవిడ దారికి అడ్డం నిలబడుతుంది. బయటికి వెళ్తే నిన్ను చంపేస్తారు, వెళ్లనివ్వను అంటుంది. పోట్లాట మొదలైంది. మాట్లాడి చూశాను, ఏమీ జరగలేదు. మెర్సీ నొక్కాను, నిప్పులు కురిపించింది. మళ్లీ నొక్కాను, మళ్లీ నిప్పులు. నాలుగైదుసార్లకు నా బుర్ర పోకెమాన్ వైపు పోయింది. కాస్త కొట్టి నీరసపరిస్తే ఒప్పుకుంటుందిలే అనుకున్నాను. కొట్టాను. ఇంకొకటి కొట్టాను. ఆవిడ ప్రాణం గీత మూడో వంతుకు వచ్చింది, ఇంకొక్కటి చాలనుకుని నొక్కాను. ఆ ఒక్క దెబ్బ అంతకుముందు దెబ్బలన్నిటికంటే ఎన్నో రెట్లు పెద్దది. గీత మొత్తం ఖాళీ. మేకమ్మ మోకాళ్ల మీద కూలబడింది. నేను కొన ప్రాణంతో ఉన్నప్పుడు ఆవిడ నిప్పులు కావాలని నా గుండెను తప్పించుకుంటూ పక్కకు పోయాయి. ఆ విషయం అప్పుడు గమనించనే లేదు.

అమ్మ కంచాలు పెడుతూ అడిగింది. "ఆ మేకమ్మ ఏమైందిరా?"

"ఇంట్లోనే ఉందమ్మా."

అన్నం తిని వచ్చి, గేమ్ మూసేసి, పాత సేవ్ (ఆటను అంతకుముందు దాచుకున్న చోటు) నుంచి మళ్లీ తెరిచాను. ఈసారి ఫైట్ వైపు చూడకుండా మెర్సీ నొక్కుతూ పోయాను. ఇరవైసార్లకు పైనే నొక్కి ఉంటాను. ఆఖరికి నిప్పులు ఆగాయి. ఒక్కసారి కౌగిలించుకుని వదిలేసింది. హమ్మయ్య అనుకున్నాను. తలుపు దాటి చీకటి గదిలోకి వెళ్తే మొదట్లో మోసం చేసిన పసుపుపచ్చ పువ్వు అక్కడ కాచుకుని ఉంది. నువ్వేం చేశావో నాకు తెలుసు అంది. ఆవిణ్ణి చంపావు, మనసొప్పక వెనక్కి వెళ్లావు అని నవ్వింది. నేను కుర్చీలో వెనక్కి జరిగాను. సేవ్ ఫైల్ మార్చేశాను కదా, దీనికెలా తెలుసు? ఆ రాత్రి చాలాసేపు అమ్మ గది తలుపు వైపు చూడలేదు.

ఈ గేమ్‌లో కిటుకంతా ఇక్కడుంది. మామూలుగా మనం కన్నెత్తి చూడని చోట్ల దాక్కుంటుంది. సేవ్ బటన్‌లో, మెనూలో, అక్షరం ఆకారంలో. చాలా గేములకు అవి గోడకు కొట్టిన సున్నం లాంటివి. ఇక్కడ గోడే మాట్లాడుతుంది.

అక్షరం ఆకారం అన్నాను కదా. మంచు ఊరు వచ్చింది. వెనక నుంచి ఎవరో నడిచొచ్చి చెయ్యి కలపమన్నారు. కలిపితే పుర్రుమని శబ్దం, అరచేతిలో గాలి బుడగ దాచాడు. పొట్టి అస్థిపంజరం, నీలం కోటు, చెప్పులు. వాడి మాటలు తెర మీద పడుతుంటే నేను స్క్రీన్ దగ్గరికి వంగి చూశాను. గళ్లు గళ్లుగా ఉన్నా పోల్చేశాను. కామిక్ సాన్స్! అన్నీ చిన్న అక్షరాలే, కాపిటల్ అన్నది లేదు. వాడి పేరు సాన్స్. ఆ వెనకే పొడుగాటి తమ్ముడు వచ్చాడు, మాటలన్నీ కాపిటల్ లెటర్స్, అరుపులే. పాపిరస్ ఫాంటు. పేరు పాపిరస్. బెంగళూరుకు ఫోన్ చేశాను. అవతల వాడు హలో కూడా అనకుండా నవ్వడం మొదలుపెట్టాడు.

ఈ పని చేసేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఇది ఎంత పెద్ద జోకో తెలియదు. కామిక్ సాన్స్‌ను 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనేర్ గీశాడు. మైక్రోసాఫ్ట్ బాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ కుక్క టైమ్స్ న్యూ రోమన్‌లో మాట్లాడుతుంటే చూడలేక గీశాడట. పాపిరస్‌ను 1982లో క్రిస్ కాస్టెలో చేత్తో గీశాడు. రెండూ పాపం మంచి ఉద్దేశంతో పుట్టినవే. ఎక్కడపడితే అక్కడ వాడి మనమే వాటి పరువు తీశాం. డిజైనర్లందరూ ఎగతాళి చేసే ఆ ఇద్దరినీ తెచ్చి, ఒకణ్ణి బద్ధకస్తుణ్ణీ, ఇంకొకణ్ణి గొప్పలు పోయే అమాయకుణ్ణీ చేసి, చివరికి వాళ్లే అందరికీ ఇష్టమైనవాళ్లయ్యేలా రాశాడు. పాపిరస్ మనకోసం స్పఘెట్టీ వండి మంచులో బల్ల మీద పెడతాడు. అది గడ్డకట్టి బల్లకు అతుక్కుపోయి ఉంటుంది. పక్కనే మైక్రోవేవ్, దాని మీద బటన్లన్నిటికీ స్పఘెట్టీ అనే పేరు. కరెంటు మాత్రం లేదు.

సాన్స్ జోకులన్నీ ఎముకల మీద శ్లేషలు, తెలుగులోకి రావు. కానీ మన దగ్గరా సరుకుంది. ఆ మంచులో వాణ్ణి నిలబెట్టి "ఎముకలు కొరికే చలి" అనిపించామనుకోండి, జోకు దానంతటదే పండుతుంది. ఇంకోటి. దానం చేసేవాణ్ణి ఎముక లేని చెయ్యి అంటాం. వీడి చెయ్యంతా ఎముకే. అందుకే గ్రిల్బీ హోటల్లో మనల్ని కూర్చోబెట్టి, బిల్లు నువ్వు కట్టమని అడిగి, చివరికి ఖాతాలో రాసుకోమని లేచి పోతాడు. ఇది నేను రాసుకున్న జోకు. వాడుకునేవాళ్లు వాడుకోవచ్చు, డబ్బులొద్దు.

అసలీ గేమ్‌ను తెలుగు చేయాల్సి వస్తే ఎలా అని షాపులో పని లేనప్పుడు చాలాసార్లు ఆలోచించాను. మనకు చిన్న అక్షరాలూ పెద్ద అక్షరాలూ లేవు. సాన్స్ గొణుగుడు, పాపిరస్ అరుపు ఎలా చూపిస్తాం? జపనీస్‌లోనూ లేవు. 2017లో జపాన్ వెర్షన్ చేసినవాళ్లు ఏం చేశారో తెలుసుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. పాపిరస్ మాటల్ని నిలువుగా, పై నుంచి కిందికి పేర్చారు. పొడుగాటి మనిషి, పాతకాలపు పుస్తకంలా పొడుగాటి మాటలు. సాన్స్ తనను తాను "ఒయిరా" అని పల్లెటూరి పద్ధతిలో అనుకుంటాడు. జపనీస్‌లో నేను అనడానికి బోలెడు మాటలున్నాయి కాబట్టి సరిపోయింది. మనకున్నది ఒక్క నేను. ఉత్తరాంధ్రలో నాను అంటారు గానీ, కామెడీ పాత్ర దొరకగానే ఒక యాస తగిలించే అలవాటు మన సినిమాలకు ఉన్నది చాలు, ఆ పాపం మళ్లీ మనకెందుకు.

పాపిరస్‌కు రామభద్ర ఫాంటు ఇస్తాను. లావుపాటి అక్షరాలు, పోస్టరు అరిచినట్టుంటుంది. సాన్స్ దగ్గరే చిక్కు. గౌతమి ఇస్తే ఆఫీసు సర్క్యులర్‌లా ఉంటుంది, మండలి ఇస్తే పేపరు చదువుతున్నట్టుంటుంది. పేరు చెప్పగానే జనం నవ్వేంత అపకీర్తి ఏ తెలుగు ఫాంటూ ఇంకా మూటగట్టుకోలేదు. ఈ జోకు పండాలంటే ముందు ఒక ఫాంటు పాతికేళ్లు బర్త్‌డే ఫ్లెక్సీల మీద నలగాలి. నలుగుతోందిలెండి, నా వంతు సాయం నేను చేస్తున్నాను.

ఈ గేమ్‌లో గాస్టర్ అనే ఇంకో పాత్ర ఉందట. మామూలుగా ఆడితే కనబడదు, నేను సొంతంగా కనుక్కున్నది కాదు. ఒక దాచిన గదిలో పదిహేడో నంబరు నోటు మొత్తం అక్షరాల బదులు బొమ్మలు పడే వింగ్‌డింగ్స్ ఫాంటులో ఉంటుంది. చేతి బొమ్మలు, జెండాలు, బాంబులు. డబ్ల్యూ డి గాస్టర్ అనే పేరును అభిమానులు విడదీసి వింగ్‌డింగ్స్, యాస్టర్ అనే రెండు ఫాంట్లు చూపించారు. ఇందులో నాకేమీ మిస్టరీ కనబడలేదు. అను అనే తెలుగు ఫాంటులో కొట్టిన శుభలేఖ ఫైలును అను లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఎలా ఉంటుందో చూసినవాణ్ణి. ఒకసారి ప్రెస్సు వాళ్లు అలాంటి ఫైలు ప్రూఫ్ చూడకుండా ప్లేటు వేసేశారు. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. పోయిన డబ్బు నాది, తిట్లూ నావే.

చివరికొచ్చాక రాజు ఆస్‌గోర్ వస్తాడు. పోట్లాట మొదలవగానే త్రిశూలం తీసి మెర్సీ బటన్‌ను పగలగొట్టేస్తాడు. నన్ను కాదు, బటన్‌ను! కింద మూడు బటన్లే మిగిలాయి. పదిహేను గంటలుగా అది నా ఆయుధం. సంచీ తెరిచి చూస్తే మేకమ్మ పెట్టిన పై ముక్క ఇంకా ఉంది. అది తిన్నాను. వాసన తగిలి రాజు దెబ్బల జోరు తగ్గింది. వాళ్లిద్దరూ ఒకప్పుడు మొగుడూ పెళ్లాలు. దీనికి ఒక పాట లేదు, ఏడుపు సీను లేదు. ఒక్క లైను, తగ్గిన అంకెలు, అంతే.

తిట్టాల్సినవీ ఉన్నాయి. వేడి లోకం వచ్చాక సాగదీత. ఆల్ఫిస్ అనే బల్లి సైంటిస్టు పది అడుగులకోసారి ఫోన్ చేస్తుంది, మేకమ్మ ఫోన్‌లో ఉన్న తీపి దీనిలో లేదు. పూర్తి మంచి ముగింపు కావాలంటే ఒకసారి అయిపోయాక మళ్లీ వెనక్కి నడవాలి. అందరినీ చంపే దారి కూడా ఒకటుంది. అందులో ఊళ్లు ఖాళీ అవుతాయి, పాటలు నీరసంగా మూలుగుతాయి. కావాలనే విసుగు పుట్టించేలా చేశాడు. ఆ దారిలో అండైన్ అనే చేప సిపాయి దగ్గర నేను ఆపేశాను. మంచితనం అనుకోకండి, ఓడిపోయీ ఓడిపోయీ వేళ్లు నొప్పెట్టాయి. ఆ దారి చివర సాన్స్ మెనూ మీదకే ఎముకలు విసురుతాడనీ, బటన్ నొక్కబోతుంటే కొడతాడనీ, ఆఖరి దాడిగా ఏమీ చేయకుండా ఊరికే నిలబడి మనల్ని విసిగించి ఆపాలని చూస్తాడనీ వీడియోలో చూశాను.

జనం దీన్ని ఎలా నెత్తిన పెట్టుకున్నారో చెప్పాలి. రివ్యూల మార్కులు కలిపి చూపే మెటాక్రిటిక్ సైట్‌లో పీసీ వెర్షన్‌కు నూటికి 92 వచ్చింది. 2015 డిసెంబర్‌లో గేమ్‌ఫ్యాక్స్ సైట్ వాళ్లు అన్ని కాలాల్లో మేటి గేమ్ ఏదని ఓట్లు పెడితే, మూడు నెలల వయసున్న అండర్‌టేల్ ఫైనల్లో జెల్డా ఒకరీనా ఆఫ్ టైమ్ అనే పాత గేమ్‌ను ఓడించింది. జెల్డా వాళ్లకు ఒళ్లు మండింది, మండదా మరి. 2016 మే నెలలో ఒక యూట్యూబర్ వాటికన్ వెళ్లి పోప్ ఫ్రాన్సిస్‌కు ఈ గేమ్ కాపీ బహుమతిగా ఇచ్చాడు. ఇంకా తమాషా, 2022 జనవరిలో అదే పోప్ ముందు సర్కస్ వాళ్లు విన్యాసాలు చేస్తుంటే వెనక మోగింది సాన్స్ పోట్లాట పాట, మెగలోవేనియా. అందరినీ చంపుకుంటూ పోయినవాడికి మాత్రమే గేమ్‌లో వినబడే పాట అది. వాటికన్‌లో ఎవరైనా ఆ సంగతి చెప్పారో లేదో.

అయితే ఈ ప్రేమే చేటు కూడా చేసింది. గేమ్ ఆడుతూ వీడియోలు పెట్టేవాళ్ల మీద అభిమానులు పడిపోయేవారు. మేకమ్మను కొట్టొద్దు, అది నొక్కు, ఇది నొక్కొద్దు, పుస్తకం చదవకుండా వెళ్తావా. తప్పు చేస్తే తిట్లు. దయ గురించి తీసిన గేమ్‌కు దయలేని భక్తులు. కొంతమంది ఆ గోల పడలేక గేమ్‌నే మొదలుపెట్టలేదు. అప్పట్లో నేనూ వాళ్లను చూసి ఇదేం చాదస్తం అనుకున్నాను.

మొన్న వేసవిలో మా అన్నయ్య కూతురు సెలవులకు వచ్చింది. ఎనిమిదో తరగతి. నా లాప్‌టాప్‌లో ఎర్ర గుండె ఐకాన్ చూసి ఇదేంటి బాబాయ్ అంది. కూర్చోబెట్టాను. కప్ప వచ్చింది. నా నోరు తెరుచుకుంది.

"కొట్టకమ్మా. యాక్ట్ నొక్కు. పొగుడు."

"ఎందుకు?"

"నొక్కు, చెబుతా."

పది నిమిషాలు ఇదే వరస. అటు పోకు, అక్కడ సేవ్ చెయ్యి, ఆ ఫోన్ ఎత్తు. టోరియల్ గదిలో డైరీ చదవమన్నాను. అస్థిపంజరానికి స్నేహితులు ఎందుకు కావాలి అని ఒక పిచ్చి జోకు అందులో ఉంటుంది. అది చదివి "చెత్త జోక్" అంది. పోట్లాట మొదలవగానే నేను కుర్చీ ముందుకు లాక్కుని "ఇప్పుడు జాగ్రత్త, మెర్సీ నొక్కుతూనే ఉండాలి, ఎన్నిసార్లయినా..." అంటున్నాను.

పిల్ల లాప్‌టాప్ మూసి నా వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు ఆడతావా, నేను ఆడనా?"

షాపుకు వెళ్లిపోయాను. రాత్రి వచ్చేసరికి మంచు ఊరు కూడా దాటేసింది. మేకమ్మ సంగతి అడిగితే చచ్చిపోయింది అంది. మళ్లీ లోడ్ చేసుకోవచ్చు తెలుసా అన్నాను. "అయిపోయిందిగా" అని ముందుకే వెళ్లింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, కానీ నోరు మూసుకున్నాను. బెంగళూరువాడు గుర్తొచ్చాడు.

మూడో రోజు సాయంత్రం పెద్ద హోటల్ సీను వచ్చింది. సాన్స్ భోజనానికి తీసుకెళ్లి ఒక కబురు చెబుతాడు. అడవిలో ఒక పెద్ద తలుపు దగ్గర తాను జోకులు ప్రాక్టీసు చేసేవాడినని, ఒకరోజు తలుపు వెనక నుంచి ఒక ఆడమనిషి జవాబిచ్చిందని, అప్పట్నుంచి రోజూ ఒకరికొకరు పిచ్చి జోకులు చెప్పుకునేవారని. ఒకరోజు ఆవిడ, ఈ తలుపు దాటి ఎవరైనా మనిషి పిల్ల వస్తే కాపాడతానని మాటివ్వు అని అడిగిందట. నేను ఆడినప్పుడు ఈ సీను బాగుందనుకుని ముందుకు నొక్కేశాను. మేకమ్మ అప్పటికి నా ఆటలో బతికే ఉంది, కౌగిలించుకుని పంపించింది, నాకేం బాధ.

పిల్ల ఎంటర్ నొక్కడం మానేసింది. తెర మీద వాక్యం అలాగే ఉంది. కాసేపటికి, "ఆ డైరీ జోకు వీడిదా బాబాయ్?" అంది. ఎనిమిదేళ్లుగా ఈ గేమ్ గురించి అందరికీ చెబుతున్నాను, డైరీలో జోకుకూ ఈ తలుపుకూ ముడి ఉందని నాకు తట్టనే లేదు. ఏమో అన్నాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకోకపోతే స్క్రీన్ కనబడదు. "ఏంటే అలా కూర్చున్నావు? ఇది ఆ మేకమ్మ ఆట కదూ. ఏదీ, కనబడదేం?"

"నేనే చంపేశాను నానమ్మా."

అమ్మ నా వైపు చూసింది. "మరి ఇంట్లోనే ఉందన్నావు కదరా అప్పుడు."